మూడువందల ఇళ్లు గీసిన బాబాయ్

"నేనేం గొప్పలు చెప్పనురా. ఆ కొత్త కాలనీ పటంలో ఒక్క కిటికీ సరిచేశానంతే," అని మొదలుపెట్టాడు బాబాయ్, టీ కొట్టు బల్ల మీద కాళ్లు ముడుచుకుంటూ. "పట్నం నుంచి దిగాడు ఇంజినీరు. పెన్సిలు చెక్కడం చేతకాదు గానీ మన ఊరికి తగ్గట్టు చవగ్గా ఇళ్లు కడతాడట. అగ్గిపెట్టెలు పేర్చినట్టు గీసుకొచ్చాడు. ఇందులో మనుషులుండాలా, పుల్లలుండాలా అని అడిగా. ఆ తర్వాత ఏం చేశాడో తెలుసా? పెన్సిలు నా చేతిలో పెట్టేశాడు."

"అరుగు సంగతి చెప్పావా బాబాయ్?" అంది బల్ల చివర కూర్చున్న దర్జీ అమ్మాయి.

"వస్తున్నా, ఆగమ్మా. ఎత్తిన పెన్సిలు దించకుండా మూడువందల ఇళ్లు గీసి పారేశా. మన పాత వీధి పెంకులు, ఆ వంపు, ఆ గోడల రంగు, ఏదీ తప్పలేదు. ఖర్చు సగం చేశా, అదీ ఎక్కువేనని పావు చేశా, ఇంకాస్త తగ్గిస్తే కట్టేవాడే మనకి ఎదురివ్వాల్సొచ్చేది, పాపం పోనీలే అని వదిలేశా."

"ఘనుడివే," అన్నాడు మంగలి, గ్లాసు వెనక నవ్వు దాచుకుంటూ.

"అప్పుడే ఏం చూశావు? కొత్త వీధి అచ్చం పాత వీధిలాగే ఉండేసరికి పిల్లి తికమకపడి కొత్తింట్లో పిల్లల్ని పెట్టింది. పోస్టుమాన్ మూడ్రోజులు దారి తప్పాడు. అంతెందుకు, గడియారం స్తంభం తెల్లారేసరికి నాలుగడుగులు అటు జరిగింది, నా ఇళ్ల పక్కన నిలబడాలని."

"మరి అరుగు?"

"అబ్బ, ఆ అరుగొకటి పట్టుకున్నావు. అంత పెద్ద పనిలో అరుగెంతమ్మా?"

దర్జీ అమ్మాయి గ్లాసు కింద పెట్టింది.

"వీధంతా కలిసి నిన్ను ఇంజినీరు పెట్టిన మీటింగుకి పంపింది ఆ ఒక్క మాట చెప్పడానికే బాబాయ్. గది చిన్నదైనా సర్దుకుంటాం, ముందు అరుగుండాలని. నువ్వేమో రెండు గంటలు ఈ కోతలే కోశావు. ఇంకేమైనా కావాలా అంటే, నేనుండగా ఇంకేం కావాలి అన్నావట. ఇంజినీరే చెప్పాడు. పాతింట్లో అరుగు మీద మిషను వేసుకుంటే దారిన పోయేవాళ్లే పని తెచ్చిచ్చేవాళ్లు. ఇప్పుడది మంచానికీ పొయ్యికీ మధ్య చీకట్లో ఉంది. కాలనీకి వచ్చి నెలైంది, నాకు ఒక్క గుడ్డ రాలేదు."

బాబాయ్ బల్ల మీంచి కాళ్లు దించాడు.

"నీ ఇంటికీ లేదుగా అరుగు," అందామె లేస్తూ. "ఉంటే ఈ కోతలు అక్కడే కూర్చుని కోసేవాడివి, ఇంత దూరం నడిచొచ్చే పని లేకుండా."