గోలు ముందు బురద

ఈసారి పై డివిజన్‌కి ఎవరు వెళ్తారంటావా? ఎవరూ వెళ్లరు. రాసిపెట్టుకో. ఆ వర్క్‌షాప్ టీము ఉంది చూడు, యాభై ఏళ్ల కింద ఎలా ఆడేవాళ్లో ఇప్పుడూ అంతే. వెనక నుంచి ఒకడు బంతిని ఆకాశంలోకి తంతాడు, మిగతావాళ్లంతా దాని కింద గుంపుగా పరిగెడతారు. మిల్లు టీమంటావా, వీడు వాడికి ఇవ్వడం, వాడు మళ్లీ వీడికే ఇవ్వడం, గోలు కొట్టాలన్న సంగతే గుర్తుండదు వాళ్లకి. పదకొండు మ్యాచుల్లో ఆరు డ్రాలు. డ్రాలతో పైకి వెళ్తారా ఎవరైనా? ఏంటి, పాయింట్లు లెక్కేసి చెబుతున్నావా, నాకు? సరే సరే, కూర్చో. అక్కడ కాదు, ఆ కుర్చీ కాలు ఊగుతుంది, ఇటు కూర్చో. నువ్వు ఫుట్‌బాల్ మాట్లాడ్డానికి రాలేదని నాకు తెలుసులేవే. గ్రౌండు గేటు దగ్గర రాయి వేస్తున్నారటగా, ఆ గ్రౌండుని చూసుకున్న పాతవాళ్ల పేర్లన్నీ చెక్కించి. అందులో మీ తాతయ్య పేరు తీసేశారట. నిన్న పాలాయన చెప్పాడు. వినగానే చేతిలో టీ గ్లాసు విసిరికొట్టబోయి ఆగిపోయాను, ఇంట్లో ఉన్నవే రెండు గ్లాసులు. తీయించింది ఎవరట? సెలూనాయన కొడుకట. 'నీళ్లు పెట్టి మన టీముని ముంచినవాడి పేరు మన గేటు మీద ఎలా వేస్తాం' అన్నాడట కమిటీలో. వాడికా రోజుల్లో పాలపళ్లు కూడా ఊడలేదు! వాడు చూశాడా? వాళ్ల నాన్న చూశాడా? నోరుంది కదా అని వాగడమే.

మా బావ, అదే మీ తాతయ్య, నీళ్లు పెట్టలేదు. అది ముందు తలకెక్కించుకో. పద్దెనిమిదేళ్లు ఆ గ్రౌండు ఆయన చేతిలో ఉంది. మున్సిపాలిటీ ఉద్యోగం, చాలీచాలని జీతం, అయినా సొంత ఇంటి నేలని కూడా అలా చూసుకోడు మనిషి. శనివారం పొద్దున్నే మేకులు దిగ్గొట్టి, తాడు లాగి, డబ్బాలో సున్నం పోసుకుని గీతలు గీసేవాడు. నడుం వంచితే ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఎత్తేవాడు కాదు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఉహూ, పలికేవాడు కాదు, గీత వంకరపోతుందని. చెప్పులు గేటు దగ్గరే విప్పేసేవాడు. ఎందుకు బావా అంటే, 'ఎక్కడ మెత్తగా ఉందో, ఎక్కడ గట్టిపడిందో కాలికి తెలియాలిరా' అనేవాడు. గురువారం సాయంత్రం తప్ప నీళ్లు వదిలేవాడు కాదు. మ్యాచ్ ముందు రోజు ఒక్క చుక్క కూడా పడనిచ్చేవాడు కాదు. అలాంటివాడు మ్యాచ్ రోజు నీళ్లు పెట్టాడట! ఇది చెప్పినవాడికి బుద్ధి లేదు, నమ్మినవాళ్లకి అంతకన్నా లేదు.

ఆయన మిల్లు టీము మనిషి, నిజమే, దాపరికం ఏముంది. నేను వర్క్‌షాపులో లేత్ తిప్పే టర్నర్ని, నాకు మా టీము తప్ప ఇంకోటి కనపడదు. ఆదివారం ఆదివారం మా అక్క నన్ను భోజనానికి పిలిచేది, కంచాల ముందు కూర్చోగానే మొదలు. మీ మిల్లువాళ్లకి దమ్ము లేదు బావా, భుజం భుజం తగిలితే పడిపోతారు అని నేను. ఆయన నెమ్మదిగా ముద్ద మింగి, 'వాళ్లు ఆడితే నా గడ్డికి పనుంటుందిరా, మీవాళ్లు ఆడితే ఆకాశానికి పనుంటుంది' అనేవాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. మా అక్క గరిటె పట్టుకుని వచ్చి 'అన్నం దగ్గరకి ఆ బంతి తీసుకురావొద్దని చెప్పానా లేదా' అని ఇద్దరినీ తిట్టేది. మీ అమ్మ అప్పుడు చిన్నది, గడపలో కూర్చుని నవ్వేది. మిల్లు టీములో ఒకడుండేవాడు, సూది అనేవాళ్లం, సన్నగా ఉండేవాడు. వాడి పాసు నలుగురి కాళ్ల మధ్య నుంచి వెళ్లి ఐదోవాడి కాలి దగ్గర ఆగేది. మా బావ వాడు ఆడుతుంటే గీత పక్కన నిలబడి చప్పట్లు కొట్టేవాడు. మాకు ఎద్దు అని ఒకడుండేవాడు. ఆరడుగుల మనిషి, ఫోర్జింగ్ షాపులో సుత్తి కొట్టేవాడు, వాడికి ఎదురొస్తే గోడైనా పక్కకి తప్పుకోవాలి. ఎద్దా సూదా, ఎద్దా సూదా అని ఊరు ఊరంతా రెండుగా చీలిపోయింది ఆ ఏడాది. ఎందుకంటే రెండు టీములకీ పైకి వెళ్లే అవకాశం ఉంది, వెళ్లేది మాత్రం ఒక్కటే. ఆఖరి మ్యాచ్ ఇద్దరి మధ్యే పడింది. మిల్లుకి డ్రా అయితే చాలు. మేం గెలిచి తీరాలి.

ఆ వారం సెలూన్లో ఎవరూ జుట్టు కత్తిరించుకోడానికి రాలేదు, అరుచుకోడానికే వచ్చారు. ఆ సెలూనాయన ఒకడు, గడ్డానికి సబ్బు రాసి, కత్తి గొంతు మీద పెట్టి అడిగేవాడు, 'మరి మీరేమంటారు, ఎవరు వెళ్తారు' అని. ఎవడికి ధైర్యం ఉంటుంది మిల్లు అనడానికి? నేను మాత్రం లోపల ఉడికిపోతున్నాను. నోటితో ఎద్దు అంటున్నా, నాకు తెలుసు, ఎండిన నేల మీద సూది దొరకడు. బంతి అంత చక్కగా దొర్లుతుంటే వాడిని ఆపే మొనగాడు మా టీములో లేడు. మా బావ ఆ నేలని అద్దంలా ఉంచాడు కదా! అదీ నా కడుపుమంట.

మ్యాచ్ ఆదివారం నాలుగింటికి. మూడింటికి మా బావ వచ్చి చూస్తే ఒక వైపు గోలు ముందు అంతా బురద. నేను స్టాండులో కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఆయన ప్యాంటు పైకి మడుచుకుని షెడ్డులోకి పరిగెత్తాడు, ఇసుక బకెట్లు, రంపపు పొట్టు బస్తా, ఒక్కడే మోశాడు. చేత్తో చల్లి, కాలితో తొక్కి, మళ్లీ చల్లి. ఎవరూ సాయం వెళ్లలేదు. రిఫరీ వచ్చి మడమతో నొక్కి చూసి, ఆడొచ్చులే అన్నాడు. టీములు లోపలికి వచ్చేదాకా ఆయన మోకాళ్ల మీదే ఉన్నాడు. ఆట సంగతి ఏం చెప్పను. ఎనభై ఏడు నిమిషాలు సున్నా సున్నా. సూది చంపుకుతిన్నాడు మమ్మల్ని, అయినా గోలు పడలేదు. అప్పుడు వెనక నుంచి ఒక పొడుగు కిక్కు, ఎద్దు ఇద్దరిని భుజాలతో తోసుకుంటూ వెళ్లాడు, గోల్‌కీపర్ని దాటేశాడు. ఎదురుగా ఖాళీ గోలు. నేను లేచి అరవడం కూడా మొదలుపెట్టాను. వాడు ఎడమ కాలు ఆనించాడు తన్నడానికి, ఆ కాలు జారింది. అంత మనిషీ కూర్చుండిపోయాడు. బంతి దొర్లి దొర్లి, గీతకి జానెడు దూరంలో బురదలో ఆగింది. మిల్లువాడు ఒకడు వచ్చి తీరిగ్గా బయటికి తన్నాడు. అయిపోయింది. డ్రా. మిల్లు పైకి, మేం కిందే.

మర్నాడు పొద్దున సెలూన్లో జనం. ఒకడి మాట ఒకడికి వినపడదు. 'వాన లేదు, మంచు లేదు, అక్కడ బురద ఎలా వచ్చింది' అన్నాడు సెలూనాయన. అప్పుడు ఒకడన్నాడు, 'ఇంకెవరు, సూది ఆడితే చప్పట్లు కొట్టేవాడే' అని. ఆ ఒక్క మాటకి అందరూ భగ్గుమన్నారు. కాగితం రాశారు మున్సిపాలిటీకి, నలభై మంది సంతకాలు. మా బావని పిలిచి అడిగారు, నీళ్ల వాల్వు తిప్పే తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని. మా ఇంట్లో ఉంటుందన్నాడు. ఎవరు తీశారు అంటే, 'తాళం నాది, గ్రౌండు నాది, బాధ్యత నాది' అన్నాడట. ఇంకేం కావాలి వాళ్లకి? మురుగు కాలవల సెక్షన్లో పడేశారు. పదకొండేళ్లు కాలవల్లో దిగాడు మీ తాతయ్య. చర్మం అంతా పాడైపోయింది. మళ్లీ సున్నం ముట్టుకోలేదు, గ్రౌండు వైపు రోడ్డు మీద కూడా నడవలేదు, చుట్టు తిరిగి వెళ్లేవాడు. మిల్లువాళ్లైనా వచ్చి పలకరించారా? పై డివిజన్లో నాలుగేళ్లు కులాసాగా ఆడుకున్నారు వెధవలు.

ఏంటి? ఆ మాట అన్నది ఎవరా? సెలూన్లో... ఏదో ఒకడు. అంతమందిలో ఎవరంటే ఏం చెబుతాం. నువ్వలా చూడకు. మీ తాతయ్య కూడా అలాగే చూసేవాడు, ఒక్క మాట అనకుండా. నేనే అన్నాను. చాలా? నేనే! చప్పట్లు కొట్టేవాడే అని అరిచింది నేనే, కాగితం మీద మూడో సంతకం నాదే. నీళ్లు పెట్టిందీ నేనే.

ఆ ఆదివారం నేను అక్కడే భోంచేశాను. బావ నడుం వాల్చాడు, అక్క గిన్నెలు తోముకుంటోంది. వంటింటి తలుపు వెనక వరసగా మేకులు, అందులో ఒకదానికి ఉంటుంది తాళం, ఇంత పొడుగు ఇనప తాళం, తిప్పడానికి పైన అడ్డ కర్ర. చొక్కాలో దోపుకుని వెళ్లిపోయాను. నాకు కావాల్సింది గ్రౌండు మధ్యలో తడవడం, అంతే. సూది ఆడేది అక్కడ. కాస్త తడిస్తే వాడి పాసులు ఆగిపోతాయి, మావాళ్లది ఎలాగూ ఆకాశంలో ఆట. గ్రౌండు అంచున గుంటలో రెండు వాల్వులు. ఎడమది మధ్యకి, కుడిది గోలు వైపుకి అని బావే ఎన్నోసార్లు చెప్పాడు. ఆయన ఎప్పుడూ షెడ్డు వైపు నుంచి దిగుతాడు. నేను దొంగలా గోడ దూకి వచ్చాను కదా, దానికి ఎదురు వైపు నుంచి దిగాను. నా ఎడమ వేరు, ఆయన ఎడమ వేరు. టర్నర్ని నేను, వెంట్రుకవాసి తేడా వస్తే పని మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి, అంత మాత్రం తోచలేదు నాకు! తిప్పేసి షెడ్డు వెనక నీడలో కూర్చుని రెండు సిగరెట్లు కాల్చాను. వచ్చి చూస్తే మధ్యలో పొడిపొడి, గోలు ముందు చెరువు. కట్టేసి పరిగెత్తాను. టోపీ మర్చిపోయానని చెప్పి ఇంట్లోకి దూరి చేతికందిన మేకుకి తాళం తగిలించేశాను.

పై ఆదివారం భోజనానికి వెళ్లాను. వెళ్లకపోతే అనుమానం వస్తుందని వెళ్లాను, చూడు నా తెలివి. అప్పటికే కాగితం మున్సిపాలిటీకి చేరింది. అక్క మజ్జిగకి లోపలికి వెళ్లింది. మా బావ కంచంలోంచి తలెత్తకుండా అన్నాడు, 'తాళం రెండో మేకుది. తీసినవాడు తీసిన మేకుకే తగిలించాలి.' అంతే. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు బతికాడు, మళ్లీ ఆ ఊసెత్తలేదు. నాకు ఆయన మీద ఎంత కోపమో నీకు తెలియదు. ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది! చెంప పగలగొట్టొచ్చుగా? నడి బజార్లో నిలబెట్టి వీడేరా అని చెప్పొచ్చుగా? నాలుగు తన్నులు తిని ఉందును, వర్క్‌షాప్‌లో తల ఎత్తుకోలేక ఉందును, అక్కడితో పోయేది. ఏమీ అనకుండా కాలవలో దిగితే నేనేం చెయ్యాలి? ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. కాలవలోంచి ఆయన పైకి రావడం చూసినప్పుడల్లా పక్క సందులోకి తిరిగిపోయాను. ఆయన పోయిన రోజున పాడె మోశాను కూడా, అప్పుడూ చెప్పలేదు. పిరికివాణ్ణి. ఎవరో సెలూనాయన కొడుకుని తిడుతున్నానని నీకు తమాషాగా ఉందేమో, వాడు తన నోట్లో ఉన్న నా మాటే అప్పజెబుతున్నాడు. తిట్టక ఏం చెయ్యను!

రేపు కమిటీకి వచ్చి చెప్పమంటావు. నువ్వే చెప్పు, నా పేరే చెప్పు, నాకేం. నేను రాలేను, మెట్లెక్కలేను. ఎక్కగలనులే, ఎక్కగలను, అది కాదు. అందరి ముందూ బయటపెడితే మా అక్క ఏమనుకుంటుంది? పోయింది, తెలుసు, పోయి ఆరేళ్లయింది. అయినా సరే. ఆ తల్లికి ఏమీ తెలియకుండా పోయింది, అదొక్కటే నాకు మిగిలింది. తెలిసి ఉంటే నా మొహాన ఉమ్మేసేది. ముప్పై ఏళ్లు వారం తప్పకుండా వెళ్లాను, నేను వెళ్లేసరికి కంచం పెట్టి ఉండేది, తిని...

ఏంటీ? ఎవరు చెప్పారు నీకు?

అమ్మమ్మా? ఎప్పుడు, పోయే ముందా? నీకు చెప్పింది సరే, తనకి ఎప్పుడు తెలిసిందట? ఆ రోజేనా? టోపీకని నేను వచ్చినప్పుడు... తలుపు సందులోంచి చూసిందా?

అంటే నువ్వు వచ్చింది అడగడానికి కాదన్నమాట. నా నోటితో చెబుతానా లేదా అని.

ముప్పై ఏళ్లు. అన్నీ తెలిసీ, ఒక్క వారం కూడా 'ఇంకాస్త వేసుకోరా' అనకుండా లేవనిచ్చేది కాదు...

కమిటీ ఎన్నింటికన్నావ్?