పాత కంప్యూటరులో పెళ్లిపాటలు

ఫిజీ దీవుల్లోని సావుసావు ఊళ్లో ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర, అమ్మణి అత్త చనిపోయేముందు ఈమెయిల్లో పంపిన నలభై తెలుగు పెళ్లిపాటలు ఉండేవి. శనివారం మనవరాలి పెళ్లనగా అవి కనిపించక, కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయిని పిలిపించాడు.

“మెయిల్‌ని ఐమాప్ అనే కొత్త పద్ధతికి మార్చాను, పాటలు మాయమైనాయి బేటీ!”

“మీ పాత పాప్ పద్ధతిలో మెయిల్ కంప్యూటర్లోకి దిగగానే సర్వర్లో చెరిగిపోయేది, కాకా. పాటలు ఈ కంప్యూటర్లోనే ఉండాలి. పాత ఖాతా తీసేశారా?”

“తీసేయబోయాను. అంతలో స్నేహితులు యంగోనా వేరు కషాయం తాగుదాం రమ్మంటే లేచి వెళ్లిపోయాను.”

“ఆ యంగోనాకి దండం పెట్టండి! తీసేసుంటే పాటలూ పోయేవి. ఇదిగో, కొత్త ఖాతాలోకి లాగేశాను. ఇక ఫోనులోనూ చూసుకోవచ్చు.”

“నలభై ఉన్నాయా?”

“నలభై ఒకటి. చివరిది మీరు తెరవనేలేదు.”

“అప్పగింతల పాట! అత్త ఇది పంపకుండానే పోయిందనుకున్నా. నలభై దక్కితే చాలనుకుంటే ఒకటి లాభం. శనివారం నువ్వు ముందు వరసలో కూర్చోవాలి, బేటీ.”