కణాల్లేకపోయినా మెరిసింది

కణాలు పెంచే గది. లోపలి గడియ వేసి ఉంది. పరిశోధన చేసే అమ్మాయి, ఆమె గైడు.

“కణాలకు ద్రవం మార్చాలన్నాను. ప్లేట్లలో మన ఫిట్స్ మందు వేయాలన్నాను. మెరుపు కొలిచి అంకెలు పంపాలన్నాను. మూడు పనులు చెప్తే నాలుగోది ఎవరు చేయమన్నారే?”

“ఎవరూ చెప్పలేదు సార్. నేనే చేశాను.”

“ఏం చేశావు? నోటితో చెప్పు.”

“కణం మీది రిసెప్టర్‌కి, అంటే మందును పట్టుకునే చోటికి, మందు అతుక్కుంటే కణం మెరుస్తుందని కదా మన లెక్క. అసలు రిసెప్టరే లేని కణాల మీద వేశాను. అవీ మెరిశాయి. ఆఖరికి కణాల్లేకుండా ఉత్త ద్రవంలో వేశాను. అప్పుడూ మెరిసింది. మెరిసేది కణం కాదు సార్, మన మందు పొడే.”

“ఆ ప్లేట్ ఇటు తే.”

“ఇవ్వను. రేపు ఆ మందు మనుషులకు... సార్, గ్యాస్ సిలిండర్ విప్పే ఆ స్పానర్‌ని కింద పెట్టండి. సార్, మీ ఫోన్ మోగుతోంది.”

“మోగనీ. ఇస్తావా, చెయ్యి విరగ్గొట్టనా?”

“మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. సరిచూసుకోని ప్రయోగం ప్రయోగమే కాదని నేర్పింది మీరే.”

“నాకే పాఠాలా?”

“అమ్మా... విరిగింది సార్. చెయ్యి విరిగింది.”

“ఇంకోటి ఉందిగా. దాంతో తే.”

“కణాలుంచే ఇంక్యుబేటర్ అద్దం పగలగొట్టారు. నన్ను కొట్టారు. ఇంకా కొట్టండి. అంకె మారుతుందా?”

“ఇదిగో, ప్లేటూ ముక్కలైంది. ఇప్పుడేదీ రుజువు?”

“చిటికెడు పొడి నీళ్ళలో కలపండి. మళ్ళీ మెరుస్తుంది.”

“అలా అనకు. పనిచేస్తుంది. పనిచేసి తీరాలి.”

“ఎందుకు పనిచేసి తీరాలి? ఇంకా ఎవరికీ ఇవ్వలేదుగా. ఇప్పుడాపితే ఎవరికీ ఏమీ కాదు... సార్? ఎవరికైనా ఇచ్చారా?”

“నోర్ముయ్.”

“మళ్ళీ ఫోన్. నేనెత్తుతున్నా. హలో... చెప్పండి మేడమ్. పక్కనే ఉన్నారు... సార్, మీ పాపకు పొద్దుట్నుంచి ఫిట్స్ ఆగడం లేదట. సోమవారం నుంచి మీరిస్తున్న కొత్త పొడి ఇంకోసారి వెయ్యమంటారా అని అడుగుతున్నారు.”

“వద్దను... వద్దని చెప్పు.”

“వెయ్యొద్దు మేడమ్. ముందు అంబులెన్స్‌ని పిలవండి... సార్, పాప పాత మాత్రలు ఎక్కడున్నాయి? మేడమ్‌కి కనబడట్లేదట. సార్, మిమ్మల్నే. ఎక్కడ పెట్టారు?”

“పారేశాను.”

పాపకు తొమ్మిదేళ్ళు. చదివినవారు ఆ పాపను గుర్తుంచుకోండి.