ఉద్దానానికి వేసిన సున్నా

సీతారత్నం, నలభై ఏళ్లు. బడి నుంచి రాగానే కాళ్లు కడుక్కుంటే గాని ఎవరితోనూ మాట్లాడదు. ఆ సాయంత్రం ఆ పని కూడా కాలేదు. కాశీబుగ్గలో వాళ్ల ఇంటి అరుగు మీద మొగుడు తారకేశ్వరరావు అప్పటికే మొదలుపెట్టేశాడు. ఎదురుగా కుర్చీలో హైదరాబాదు నుంచి వచ్చిన ఆఫీసరు ఉదయ్ భాస్కర్. దేశం ఏటా గాల్లోకి ఎంత పొగ వదులుతోందో ఢిల్లీ వాళ్లు వేసే లెక్కకి అంకెలు పంపడం ఆయన ఉద్యోగం. తొంభై ఎనిమిది నాటి లెక్కకీ ఇప్పటి లెక్కకీ పొంతన కుదరడం లేదట. ఉద్దానంలో పొయ్యిల సర్వే మళ్లీ చేయించాలి. ఆ పని ఎవరికివ్వాలో తేల్చుకోడానికి వచ్చాడు. అది తనకే రావాలని తారకేశ్వరరావు ఆరాటం.

పాత లెక్కలో పొగ ఉన్న ఊళ్లకి పొగ రాని పొయ్యిలు ఇచ్చారు. సముద్రపు ఒడ్డు ఊళ్లకి ఒక్కటీ రాలేదు. అలాంటి ఊళ్లోనే సీతారత్నం టీచరు. దగ్గుతూ పిల్లల్ని బడికి దిగబెట్టే తల్లులు "మాకెందుకు రాలేదమ్మా?" అని ఆమెనే అడుగుతారు.

"పాత సర్వే నేనే సేసాను సార్. సిన్న పని. ఒక సైకిలు, ఒక పెన్ను. పూండి దాటి ఒడ్డు దాకా ఎళ్లి, ఎవరింట్లో ఎన్ని కట్టెలు కాలతాయో రాసుకొచ్చాను. ఆ తర్వాత ఏటయిందో తెలుసా? మీ లెక్క అటూ ఇటూ ఎంత తప్పవ్వచ్చో సెప్పమని సర్వే సేసినోళ్లందర్నీ అడిగారు. ఒకడు ముప్పై శాతం అన్నాడు, ఒకడు యాభై అన్నాడు, ఇంకొకడు దేవుడికే తెలియాలని రాసీసాడు. నేనో? సున్నా!"

"సున్నాయేటి బావా!" అన్నాడు పక్కింటి అప్పలనరసింహం. ఈ కథ ఎన్నిసార్లు విన్నా కొత్తగా నోరు తెరవడం అతని మర్యాద.

"వెంట్రుకవాసి తేడా లేదు. ఢిల్లీలో గగ్గోలు! ఎవుడీ తారకేశ్వరరావని జర్మనీ నుంచి సైంటిస్టుని పంపారు. పలాస టేసన్లో దిగాడు, భుజాన మిషను. గాలిని సీసాలో పట్టి మిషన్లో పోశాడు. నా అంకే! మర్నాడు పోశాడు, నా అంకే! ఆ మర్నాడు మిషను తప్పు సెప్పింది సార్. ఆడు నా కాయితం సూసి మిషన్ని సరిసేసుకున్నాడు!"

"ఆడికి తెలుగు సదవడం వచ్చేటి?"

"అంకెలకి భాషేటి బావా? ఇను. ఆ ఏడు నాకు జ్వరమొచ్చి మంచమెక్కాను. రాసేవోడు లేక దేశంలో పొగే ఆగిపోయింది. ఢిల్లీలో మే నెల్లో స్వెటర్లు! పెద్దాఫీసరు ఫోన్లో ఏడుపు, లెగు బాబూ, రెండు బస్తాల పొగైనా రాయి అని. మత్తులో పెన్ను తీసి ఓ గీత గీసాను. అంతే, హిమాలయాల మీద మంచు బొట్లుబొట్లుగా కారింది."

ఉదయ్ భాస్కర్ నవ్వాడు. పని ఇచ్చేసే ముందు నవ్వే నవ్వు. గుమ్మంలో సీతారత్నం చెవులు వేడెక్కాయి. మొగుడి కోతలకి నవ్వుముఖం పెట్టడం కూడా ఇంటిపనిలో భాగమేనని ఆమెకి ఎప్పుడో నేర్పారు.

"అవును గాని, ఒడ్డు ఊళ్లకి కట్టెలు కూడా సున్నా వేశారు. అదెలాగండీ?" అన్నాడు ఉదయ్ భాస్కర్.

ఈ ముక్క సీతారత్నం ఎన్నడూ వినలేదు.

"అక్కడే ఉంది సార్ నా తెలివి! పేటలో మగోళ్లందరూ వలలు బాగుసేసుకుంటా కూకున్నారు. కట్టెలు ఎంత కొంటారయ్యా అనడిగాను. అస్సలు కొనం అన్నారు, పేటకి పేటే. కొనకపోతే కట్టె లేదు, కట్టె లేకపోతే పొగ లేదు. సున్నా కొట్టీసాను! పొగ లేని ఒడ్డు అమెరికాలో లేదు సార్. మన గాలి పీల్సుకోడానికి సేపలు ఒడ్డుకొచ్చి కూకుంతాయి."

అప్పలనరసింహం పగలబడి నవ్వాడు.

"కొనరు," అంది సీతారత్నం. "ఆడవాళ్లు కొబ్బరి మట్టలూ సరుగుడాకూ ఏరుకొచ్చి మండిస్తుంటే మగాళ్లెందుకు కొంటారు? ఒక్క ఆడమనిషినైనా అడిగారా?"

"ఆ టైములో ఆడోళ్లు కనపడితే గదా..."

"మట్టలేరుకోడానికి వెళ్లారు."

తారకేశ్వరరావు తన చెప్పుల వైపు చూసుకుని, "లోపలికెళ్లి టీ పెట్టు," అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

ఆమె కదల్లేదు. "ఏడేళ్లుగా ఆ తల్లులకి ఏం చెప్పాలో తెలీక తల దించుకుని వస్తున్నాను. ఆ సున్నా మన ఇంట్లోంచి వెళ్లిందా?"

"అసలు అంకె ఎంతుండొచ్చమ్మా?" అన్నాడు ఉదయ్ భాస్కర్.

"నాకు తెలీదు. మీకూ తెలీదు. ఎవరూ అడగలేదు గదా."

ఉదయ్ భాస్కర్ ఆ పని ఆమెకే ఇచ్చాడు. ఆ వేసవి సెలవుల్లో సీతారత్నం ఒడ్డు ఊళ్లలో పొయ్యిల దగ్గర కూర్చుని సర్వే చేసింది. మీ ఆయనెవరమ్మా అని ఆడవాళ్లు అడిగిన చోటల్లా మొగుడి పేరు చెప్పకుండా దాటేసింది.