రెండింటికి తీసే తలుపు

సభాధ్యక్షులు డాక్టర్ లక్ష్మీనారాయణగారికి, రేపల్లె ఎండను లెక్కచేయకుండా నన్ను సాగనంపడానికి వచ్చిన పెద్దలకు, నా తోటి సిస్టర్లకు, వెనక గోడవారగా నిలబడ్డ, ఇళ్లల్లో పనిచేసే నా అమ్మలకు నమస్కారమండి. ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, రండమ్మా, కూర్చోండి. ఇవాళ మిమ్మల్ని లేవమనేవాళ్లెవరూ లేరు. (కొందరు వచ్చి కూర్చున్నారు.)

ఇందాక మాట్లాడినవారు ఈ దేవకుమారి కోపిష్టిదన్న సంగతొక్కటి వదిలేసి మిగతావన్నీ చెప్పారు. (నవ్వులు) డాక్టరుగారితో నేను పోట్లాడని వారం లేదు. అందులో పెద్దది మధ్యాహ్నం ఓపీ గురించి. ఎనభై ఎనిమిదిలో మన ఆసుపత్రి ఓపీ పన్నెండింటికి మూసేవారు. పాచిపని చేసే ఆడమనిషికి పొద్దుటి అంట్లు, బట్టలు, మళ్లీ భోజనాల అంట్లు అయ్యేసరికి రెండవుతుంది. అలా ఇళ్లల్లో పనిచేసే సుబ్బాయమ్మ అనే ఆవిడ రక్తస్రావంతో ఆ వేళకే వచ్చి, మూసిన తలుపు చూసి, వరండాలో కాసేపు కూర్చుని, సాయంత్రం పనికి వెళ్లిపోయేదట. ఒకరోజు నా కంటపడింది. ‘పొద్దున్నే రావచ్చుగా అమ్మా’ అంటే, ‘ఇల్లు పోద్దండి సిస్టరుగారూ’ అంది. వాళ్ల మాటలో ఇల్లు పోవడమంటే ఆ ఇంట్లో పని పోవడం.

అప్పటికే జబ్బు ముదిరింది. గుంటూరు పెద్దాసుపత్రిలో ఉండి కరెంటు, అదే క్యాన్సరుకిచ్చే రేడియేషను, పెట్టించుకోవాలన్నారు. ససేమిరా అంది. అదుగో, ఆ కూర్చున్న ప్రేమకుమారే, ‘నువ్వెళ్లొదినా, నీ ఇళ్లు మేం చూసుకుంటాంగా’ అని ఒప్పించింది. అన్నట్టే పేటలోని ఆడవాళ్లు వంతులేసుకుని తమ పనితోపాటు ఆవిడ పనీ చేశారు. ఏ ఇంట్లోనూ ఒక్క గిన్నె తోమకుండా మిగల్లేదు. అయినా ఒక ఇల్లాలు ‘రోజుకో కొత్త మొహం మా గుమ్మంలో తిరిగితే ఎలా’ అని వేరే మనిషిని పెట్టుకున్నారు. ఆ కబురు గుంటూరు చేరింది. సుబ్బాయమ్మ వైద్యం సగంలో వదిలేసి, తెనాలిలో రైలు మారి, స్టేషను నుంచి తిన్నగా ఆ ఇంటి దొడ్డిగుమ్మానికి వెళ్లింది. అక్కడ కొత్తమనిషి అంట్లు తోముతోంది.



ఆ యేడు వరికోతల దాకా బతకలేదండి. ఆ ఇల్లాలు చెడ్డవారు కాదు, ఈ సభలోనే ఉన్నారు. నాకు కోపం లేదంటే మాత్రం అబద్ధం. వారి ఆయనకి జ్వరమొస్తే సిక్‌లీవు ఉంది, నాకూ ఉండేది, రేపటినుంచి పింఛనూ వస్తుంది. మన అంట్లు తోమి చేతులు అరగదీసుకున్న మనిషికి జబ్బుపడే హక్కు కూడా లేకపోయింది.

ఆ దుఃఖంలోంచే మధ్యాహ్నం ఓపీ వచ్చింది. ఉత్తర్వూ గిత్తర్వూ ఏమీ లేదు. నేను తాళం తీసేదాన్ని, డాక్టరుగారు భోంచేసి వచ్చేవారు, అంతే. నా తర్వాత ఎవరు తీస్తారని నెలనుంచి అడుగుతున్నాను, ‘చూద్దాం’ అంటున్నారు. ఇదిగో డాక్టరుగారూ, తాళంచెవి మీ ముందే పెడుతున్నాను. ఈ శాలువా బాగుంది, సంతోషం. రేపు రెండింటికి ఎవరో ఒక తల్లి ఆ వరండాలోకి వస్తుంది. ‘సిస్టరుగారు రిటైరయ్యారు, పొద్దున్నే రా’ అని మాత్రం ఆవిడతో అనకండి.

ఇంతసేపూ నా కోపాన్ని కూడా ఓర్చుకున్న మీ అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. సెలవు.