తెర పీకించిన కంప్యూటర్

రేపు పొద్దున జనగామ నుంచి వచ్చి నవనీతకు కంప్యూటర్ కొనిపెడతానని సంజీవ్ మామ ఫోన్ చేశాడు. ఏది కొనాలో మాత్రం నవనీతకే తేలడం లేదు. పుట్టుకతోనే చూపు లేని పిల్ల. యూనివర్సిటీలో ఎమ్మే చదువుతూ, ఆదివారం లాలాపేట్ చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. తలలో పాటలు పుడుతున్నాయిగానీ, ఫోన్‌లో రికార్డు చేస్తే తబలా, పాట, కీబోర్డు అన్నీ ఒకదాని మీద ఒకటి పడి, ఇరుకింట్లోకి వచ్చిన పెళ్ళివారిలా తన్నుకుంటున్నాయి. కంప్యూటరైతే దేనికి దానికి వేరే గది. కాని ఇంట్లో కొందరు "చూపు లేని పిల్లకు కంప్యూటరెందుకు?" అంటూనే ఉన్నారు. తనకు పనికిరానిది తెచ్చుకుని మూలన పడేస్తే వాళ్ళ మాటే నెగ్గుతుంది.

అందుకని సాయంత్రం క్లాసులయ్యాక హాస్టల్ స్నేహితురాలు స్వాతి ఆమెను తార్నాక వైపు గేటు బయటున్న కాశమ్మ చాయ్ బండి దగ్గరికి తీసుకొచ్చింది.

"ఈడికి వీరస్వామన్న అని వస్తాడు. ఆయనకీ చూపు లేదు. హబ్సిగూడలో పాటలు రికార్డు చేస్తాడంట. అన్నీ తెలుసంట. కాకుంటే..."

"కాకుంటే?"

"నోరు తెరిస్తే మూయడంట."

అప్పటికే బెంచీ మధ్యన ఒక గొంతు ఢోలు కొట్టినట్టు మోగుతోంది. నలుగురైదుగురు చుట్టూ నవ్వుతున్నారు. స్వాతి సంగతి చెప్పగానే ఆ గొంతు ఇటు తిరిగింది.

"కంప్యూటరా? సరైనోని దగ్గరికే వచ్చినవ్ బిడ్డా. కూసో. కాశమ్మా, పిల్లలకు రెండు చాయ్. నేను కొన్ననాడు గూడ గిట్లనే, చెప్పేటోడు లేడు. షాపుల అడుగు పెట్టిన. వరుసగ కంప్యూటర్లు. నేనేం చేసిన? ఒక్కొక్కదానికి చెవి ఆనించిన. ఎందుకంటవా, లోపల ఫ్యాను ఉంటది సూడు, అది గిర్రుమంటే మనం పాట రికార్డు చేసేటప్పుడు అది గూడ పాడుతది. ఒకటి పిల్లి లెక్క గురక పెడుతున్నది, ఇంకోటి లారీ ఘాటెక్కినట్టు మొత్తుకుంటున్నది. ఒక్కటి మాత్రం సప్పుడు చెయ్యలె. ఇగ ఇదే నాది అన్న."

నవనీత తలూపింది. మంచి మాటే. ఫ్యాను సంగతి తనకు తట్టలేదు.

"అటెన్క ఏమైందో ఎర్కేనా? షాపోడు ఉరికొచ్చి, సార్, తెర సూడుండ్రి, కోటి రంగులు అన్నడు. నాకు రంగులెందుకుర భై, తెర పీకేసి ఆ జాగల ఇంకింత మెమరీ కుక్కు అన్న. వానికి చెమటలు పట్టినయి. కంపెనీకి ఫోన్ కొట్టిండు. ఆడ పెద్దసారు నిద్రల నుంచి లేచి, అరెరె, ఇన్నేండ్లల్ల మాకు ఈ తెలివి రాకపాయె, ఆయన చెప్పినట్టు చెయ్యుండ్రి అన్నడు. ఇగ సూడు, తెర పీకిండ్రు, మెమరీ కుక్కిండ్రు, బియ్యం బస్తా కుట్టినట్టు మూతి కుట్టిండ్రు!"

"ఎంత పట్టిందన్నా మెమరీ?" స్వాతి నవ్వాపుకుంటోంది.

"ఎంతనా? అది పుట్టకముందటియి గూడ యాదికున్నయి దానికి! నా పెండ్లిల డప్పు కొట్టినోడు ఏ మలుపు కాడ తాళం తప్పిండో చెప్పింది. మా అవ్వ నాట్లేసేటప్పుడు ఒక పాట పాడేది, ముసల్దయినంక సగం మర్చిపోయింది. మిగిలిన సగం ఇది పాడింది!"

"మరి పోయినేడు నువ్వు తీస్కపోయిన నా గొడుగు యాదికున్నదా?" కాశమ్మ గిన్నె తిప్పుతూ అడిగింది.

"గొడుగు వేరే ఫోల్డర్ల ఉంటది కాశమ్మా, నడుమ నడుమ అడ్డం రాకు. ఆఁ, ఇగ దాని గొంతు సంగతి చెప్త. తెర మీది రాతలు చదివి చెప్పే గొంతు ఉంటది గదా బిడ్డా, నీ ఫోన్‌ల గూడ ఉంటది. ఆ గొంతు పాటల కలిస్తే పాట ఖరాబైతది. అందుకే నేను రెండు తొవ్వలు పెట్టిచ్చిన. ఎడమ చెవిల మాట, కుడి చెవిల పాట. నడుమల అంత ఖాళీ."

"అది మాకు ముందుగాల్నే ఎర్క," అంది కాశమ్మ. బెంచీ అంతా ఘొల్లుమంది.

వీరస్వామి వినిపించుకోలేదు. "ఆ మాటకు స్పీడు పెంచిన. ఇంకింత పెంచిన. ఎంత స్పీడంటే, నేను అడగకముందే జవాబు చెప్పుడు షురూ చేసింది. రేపు చెప్పాల్సింది ఇయ్యాలనే చెప్పేది! రేపు వాన, బట్టలు ఆరెయ్యకు అనేది. మా ఆడామె నన్ను అడుగుడు బంద్ చేసి దాన్నే అడిగేది."

రెండు తొవ్వల మాట నవనీత లోపల దాచుకుంది. ఈ మనిషి మాటలు వడ్లలాంటివి, ఊక చెరిగితే గింజలు దొరుకుతున్నాయి అనుకుంది.

"అటెన్క ఏమైందో ఎర్కేనా? ఓనాడు మేడ మీద కూసొని ఒక పాట కట్టి, స్పీకర్ పెట్టి వదిలిన. దరువు పడంగనే తార్నాక స్టేషన్‌ల మెట్రో ఆగింది. చరణం అయిపోయేదాక కదల్నే లేదు, డ్రైవర్ తాళం ఏస్తున్నడు మరి! మల్కాజ్‌గిరిల గూడ్సు బండి చక్రాలు దరువు అందుకున్నయి. లాలాపేట్ కుక్కలన్ని ఆలాపన. మౌలాలి గుట్టకు పాట తాకి వాపస్ రావాల్నా వద్దా? రాలె. వారం దినాలు ఆపుకొని, నేర్చుకొని, తప్పులు దిద్ది పంపింది! గాడ ఆర్ట్స్ కాలేజీల పరీక్ష రాస్తున్న పోరగాండ్లు పాట విని పెన్నులు కింద పెట్టిండ్రు. దిద్దే సార్లు గూడ విన్నరు గదా, ఉత్త కాయితాలకే ఫస్టుక్లాసు ఏసిండ్రు! అసొంటి మిషన్ బిడ్డా. దాంట్ల ప్రతి బటన్ పేరు పెట్టి పిలిస్తే పలుకుతది. ఇగో, ఈ సంచిలనే ఉన్నది."

సంచి మీద చెయ్యి వేసి చరిచిన చప్పుడు.

"అన్నా," అంది నవనీత మెల్లగా, "ఒక్కసారి తియ్యరా? కొత్త పాట ఎట్ల మొదలుపెడతరో చూస్త."

"ఇప్పుడా? ఇప్పుడొద్దు బిడ్డా. ఆఫీసులు ఇడిసే టైం. మెట్రో ఆగిందనుకో, జనం తిప్పలువడుతరు."

"జనం సంగతి నేను సూస్కుంట, తియ్యి," అంది కాశమ్మ.

జిప్పు తెరుచుకుంది. నవనీత చేత్తో తడిమింది. తెర ఉండాల్సిన చోటే భద్రంగా ఉంది. వీరస్వామి మీట నొక్కాడు. పాటలు కట్టే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. చదివే గొంతు హుషారుగా అందుకుంది.

"బటన్. బటన్. బటన్. బటన్."

"ఇదేందన్నా," అంది స్వాతి, "అన్నిటికీ ఒకటే పేరా?"

"సిగ్గువడుతున్నది," అన్నాడు వీరస్వామి. "కొత్తోళ్ళ ముంగట పేర్లు చెప్పదు."

"అన్నా," అంది నవనీత, "రేపు చెప్పాల్సింది ఇయ్యాలనే చెప్పే మిషన్ గదా. దీని బటన్లు మూగవని మీరు కొనే ముందునాడే ఎందుకు చెప్పలే?"

బెంచీ మళ్ళీ ఘొల్లుమంది. పగలబడి నవ్వినవాళ్ళలో అందరికంటే పెద్ద గొంతు వీరస్వామిదే. "నేను ఓడిపోయిన బిడ్డా! నలభై ఏండ్ల నోరు ఇది, ఇయ్యాల మూతవడ్డది."

ఆ నవ్వులోనే నవనీతకు సంగతి తేలిపోయింది. మిషన్ ఎంత గొప్పదన్నది తర్వాత. దాంట్లో వేసే పాటల సాఫ్ట్‌వేర్ తనతో మాట్లాడుతుందా లేదా అన్నదే ముందు. షాపులోనే వేసి చూడాలి. "రేపు మీరు గూడ రండి అన్నా," అంది. "ఫ్యాన్లకు చెవి ఆనించనీకి మీ అసొంటోళ్ళు కావాలె."

మర్నాడు షాపులో సేల్స్ కుర్రవాడు రంగుల గురించి మొదలుపెట్టాడు. సంజీవ్ మామ మెచ్చుకోలుగా తలూపుతున్నాడు. నవనీత పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్ వేయించింది. మొదటి మిషన్ ఫ్యాను గోల భరించలేనిదని వీరస్వామి తీర్పు చెప్పాడు. రెండోది నిశ్శబ్దంగా ఉంది. ఆమె ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒక్కో మీటా నొక్కింది. ట్రాక్ ఒకటి. రికార్డు. వాల్యూమ్. దేని పేరు అది చెబుతోంది.

"మామా, ఏదన్న మాట్లాడు."

"హలో... హలో... మైక్ టెస్టింగ్," అన్నాడు సంజీవ్ మామ బిత్తరపోయి.

ఆమె వేళ్ళు పరుగెత్తాయి. అంతలో సేల్స్ కుర్రవాడు కేకేశాడు. "మేడం! తెర నల్లగైంది! ఆఫ్ అయింది!"

"ఆఫ్ గాలేదన్నా, తెర నేనే ఆర్పిన. బ్యాటరీ మిగులుతది," అని ఇయర్‌ఫోన్ పీకేసింది. నల్లటి తెర వెనక నుంచి దరువు మొదలైంది. దాని మీద మామ "హలో హలో" ఎగిరెగిరి పడుతోంది. దాని కింద ఆమె మీటలతోనే వాయించిన కీబోర్డు స్వరాలు మెత్తగా పరుచుకున్నాయి. షాపులో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే పని ఆపి దగ్గరికి రావడం అడుగుల చప్పుడులో తెలుస్తోంది. మామ చెయ్యి వచ్చి ఆమె భుజం మీద పడింది.

"ఇదే ప్యాక్ చెయ్యి తమ్మీ," అన్నాడు.

"ఏందన్నా, చప్పుడు లేదు?" అని నవనీత వీరస్వామిని అడిగింది.

"ఏం లేదు బిడ్డా. చాయ్ బండి కాడ ఇది నువ్వే చెప్పు," అన్నాడాయన. "నేను చెప్తే కోతలంటరు."