ఇదిగో, ఎర్రది

కొత్తగా కడుతున్న ఇంటి వంటగదిలో ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీద నిలబడి ఉన్నాడు. కింద నుంచి అతని భార్య ఒక్కో వైరూ అందిస్తోంది.

“ఇదిగో, ఎర్రది. పట్టుకోండి.”

“అందిస్తే చాలు కదే, ప్రతిదానికీ ఆ వ్యాఖ్యానం ఎందుకు?”

“సోమవారం లైసెన్స్ రెన్యువల్‌కి కళ్ల పరీక్ష ఉందిగా. బెంగగా లేదూ?”

“నా కళ్లకేం? గద్ద చూపు నాది.”

“అయితే ఇందాక ఏమీ చెప్పకుండా ఒకటిచ్చాను, మీ ఎడంచేతిలో ఉంది. అదేం రంగు?”

“ఎరుపే.”

“ఆకుపచ్చ.”

“ఇక్కడ వెలుతురు సరిగ్గా లేదు.”

“పోయినసారి వైరింగ్ చేసిన ఇంట్లోనూ లేదన్నారు. అందుకే రంగు చెప్పి మరీ ఇస్తున్నా.”

“నీకు నోరు ఊరుకోదనుకున్నాను.”

“నోరు ఊరుకోకపోతే మీ అక్కయ్య గురించి మాట్లాడేదాన్ని, వైర్ల గురించా?”

“సరేలే. లైసెన్స్ పోతే మన పనేం కాను?”

“లైసెన్స్ పరీక్ష నేను రాస్తాను. మీ దగ్గర పని నేర్చుకున్నానని మీరు సంతకం పెట్టాలి. మీ లైసెన్స్ ఉండగానే పెట్టాలట.”

“అంటే అన్నీ కనుక్కునే ఉన్నావన్నమాట. మరి చెప్పలేదే?”

“మీ కళ్ల సంగతి మీరే చెబుతారని ఆగాను.”

అతను మెల్లగా కిందికి దిగి, నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు.

“ఎక్కు. సంతకం ఇంటికెళ్లగానే పెడతాను. ఈ గది నువ్వు పూర్తిచెయ్యి.”

“మరి వైరు అందించండి.”

“ఇదిగో. రంగు మాత్రం నువ్వే చెప్పు.”